పాడవచ్చును, పలుకరాదు

గడచిన వేసవిలో నొకనాటి సాయంకాలము నలుగురు విద్యార్థులు మా యింటి వసారాలోని ఆఫీసు గదికి వచ్చిరి. వారిలో ఇద్దఱు బాలికలు. తమ ప్రాంతమునందలి యొక చిన్న కమ్యూనిటీ రేడియో కేంద్రమున వారమునకు రెండు దినములు కార్యక్రమములు చేయుచున్నామని చెప్పిరి. వారి యూరి గ్రామసభలో చెఱువు పూడికతీతకు వచ్చిన సొమ్మునకు లెక్కలడుగగా పెద్ద వివాదము జరిగెనట. ఆ మాటల నన్నిటిని రికార్డు చేసికొనిరి. దానిని రేడియోలో వినిపింపవచ్చునా యని కేంద్రమును నడుపు పెద్దల నడుగగా, వారు వెఱచి, ఎవరైన వకీలు నడిగి రండని పంపిరట. మేము కేంద్ర ప్రభుత్వమువారి మార్గదర్శక సూత్రములను తీసి చదివితిమి. మఱల చదివితిమి. వినిపింపవచ్చునని ధైర్యముగా చెప్పజాలమైతిమి. వినిపింపరాదని చెప్పుటకు మనసొప్పలేదు. పిల్లలు మా ముఖము చూచి సంగతి గ్రహించిరి. అందొక బాలిక, “అయితే చెరువు మీద పాట పాడుకోవచ్చా అండీ?” అని యడిగినది. పాడవచ్చునంటిమి. ఆమె నవ్వినది. ఆ నవ్వు మమ్ము నేటివఱకు బాధించుచునే యున్నది.

పాఠకులలో పలువురకు ఈ కమ్యూనిటీ రేడియో యనునది యేమో తెలియకపోవచ్చును. ఆకాశవాణి ప్రభుత్వపు సొత్తు. పట్టణములందు పగలు రేయి సినిమా పాటలు వినిపించు ఎఫ్. ఎం. స్టేషనులు ధనవంతుల కంపెనీల సొత్తు. ఈ రెంటికిని చెందక, ఒక ప్రాంతపు ప్రజలే తమ కొఱకు తాము, తమ మాటలలో, లాభాపేక్ష లేక నడుపుకొనునది కమ్యూనిటీ రేడియో. దాని శక్తి 100 వాట్లు. స్తంభము ఎత్తు 30 మీటర్లకు మించరాదు. ఐదు మొదలు పది కిలోమీటర్ల దూరమువఱకు వినవచ్చును. కొన్ని ఊళ్ళు, ఒక సంత, ఒక కాలేజీ, రెండు మూడు చెఱువులు: ఇదియే దాని ప్రపంచము. 2024 నాటికి దేశమున నిట్టివి సుమారు 500 కేంద్రములు ఏర్పడినవి. మైకు పట్టుకొని యూరూర తిరుగువారు, కంప్యూటరు ముందు కూర్చుండి మాటలను కూర్చువారు, వీరిలో అనేకులు యువకులును యువతులును. దేశమునం దింతమంది పిల్లలు తమ యూరి సంగతిని తామే విచారించి, తామే తూచి, తమ యూరివారి యెదుట పెట్టు పని నేర్చుకొనుచుండుట యొక శుభసూచనము. కాని ఆ విచారణ పంచాయతి గుమ్మము దఱికి చేరునప్పటికి చట్టము వారి నోటిపై చేయి వేయుచున్నది.

దేశమున యువజనులు రేడియోను చేపట్టుట నిన్న మొన్నటి మాట కాదు. 1942 ఆగస్టులో నాయకు లందఱు చెఱసాలల పాలైనప్పుడు, పత్రికల నోళ్ళు మూతపడినప్పుడు, బొంబాయినుండి కాంగ్రెస్ రేడియో వినవచ్చెను. దానిని నడిపిన ఉషామెహతాకు నాటికి 22 ఏండ్లు. న్యాయశాస్త్రము చదువుట మానుకొని ఉద్యమమున దిగిన బాలిక. ఆమెయు, ఆమె మిత్రులును ఒక యింటినుండి మఱియొక యింటికి యంత్రమును మోసికొని తిరుగుచు, చిట్టగాంగుపై బాంబులు పడిన వార్తను, జంషెడ్‌పూరు కార్మికుల సమ్మె వార్తను, అష్టి, చిమూరులందు జరిగిన దారుణములను ప్రజలకు తెలిపిరి. నవంబరు 12వ తేదీన పోలీసులు తలుపులు బ్రద్దలుకొట్టి వారిని పట్టుకొనిరి. ఆమెకు నాలుగేండ్ల శిక్ష పడెను. వారు వినిపించినవి దేశభక్తి గీతములే యైనచో, ప్రభుత్వము వారికొఱకు అంతగా గాలించి యుండదని మా తలంపు. వారు చెప్పినది వార్త. అందుచేతనే ఆ రేడియో యన్న దొరలు భయపడిరి.

దొరలు పోయిరి. రేడియోపై సర్కారు గుత్త మాత్రము పోలేదు. 1885 నాటి టెలిగ్రాఫు చట్టము ఆధారముగా, గాలిలో మాట పంపు అధికారము స్వతంత్ర భారతమునందును ప్రభుత్వము చేతిలోనే నిలిచెను. ఆ గుత్తను సుప్రీముకోర్టు ప్రశ్నించుటకు 1995 రావలసివచ్చినది. అదియును ఒక క్రికెట్టు పోటీనిగూర్చి వచ్చిన వ్యాజ్యములో! బెంగాలు క్రికెట్టు సంఘమునకును కేంద్ర ప్రసార మంత్రిత్వశాఖకును నడుమ జరిగిన యా వివాదమున ఫిబ్రవరి 9వ తేదీన తీర్పు వెలువడెను. జస్టిస్ పి. బి. సావంత్ ప్రధానమైన తీర్పును వ్రాసెను. మన తెలుగువాడైన జస్టిస్ బి. పి. జీవన్ రెడ్డి దానితో ఏకీభవించుచు ప్రత్యేకముగా మఱియొక తీర్పు వ్రాసెను. ప్రసార తరంగములు ప్రజల యాస్తి యనియు, ప్రభుత్వము దానికి యజమాని కాదనియు, ప్రజాశ్రేయస్సునకై వానిని వినియోగింపవలె ననియు ఆ తీర్పుల సారము. ప్రజల యదుపు వేఱు, ప్రభుత్వపు యదుపు వేఱు అని జీవన్ రెడ్డిగారు స్పష్టముగా వ్రాసిరి. ధనవంతుని చేతిలో పెట్టినను అది ప్రజల చేతిలో పెట్టినట్లు కాదని హెచ్చరించుటయు వారు మఱువలేదు. ఆ తీర్పును ప్రతి న్యాయ విద్యార్థియు చదువవలె నని మా కోరిక.

తీర్పు వచ్చినంత మాత్రమున ఊరికి గొంతు రాలేదు. నాటి మెదకు జిల్లా, నేటి సంగారెడ్డి జిల్లాలో, జహీరాబాదు ప్రాంతమున మాచనూరు అను నొక చిన్న గ్రామము గలదు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘములలోని పేద రైతు స్త్రీలు, పలువురు దళిత స్త్రీలు, యునెస్కో సాయముతో 1990ల చివరనే అచ్చట రేడియో స్టూడియో కట్టించుకొనిరి. మైకులున్నవి, యంత్రములున్నవి, పనినేర్చిన పడుచులున్నారు, లైసెన్సు లేదు. జనరల్ నర్సమ్మ, అల్గోల్ నర్సమ్మ మొదలగువారు విత్తనములనుగూర్చి, జొన్న కొఱ్ఱ సామల సాగునుగూర్చి, మూలికలనుగూర్చి తమ యాసలో రికార్డు చేసి, ఆ క్యాసెట్లను సంఘముల సమావేశములలో పెట్టి వినిపించుచు సుమారు పదేండ్లు కాచుకొనిరి. కర్నూలు జిల్లా ఓర్వకల్లులో స్త్రీల పొదుపు సంఘములవారు 2002లో ‘మన రేడియో’ యని చిన్న కేంద్రము పెట్టుకొనగా, మఱుసటి యేడు అధికారులు దానిని మూయించిరి. బీహారులో వైశాలి జిల్లా మన్సూర్‌పూరు గ్రామమున ఒక పేద యువకుడు తన రిపేరు దుకాణమునందే కొద్ది రూపాయల వ్యయముతో యంత్రము కూర్చి ఊరికంతకు పాటలును సమాచారమును వినిపించుచుండగా 2006లో దానికిని అదే గతి పట్టెను. చట్టము దృష్టిలో వారు చేసినది నేరమే. కాని అట్టి పిల్లవాని చేతిలో లైసెన్సు పెట్టుటకు మార్గము కల్పింపని చట్టమునుగూర్చి యేమనవలెను?

2002 డిసెంబరులో ప్రభుత్వము కొంత మెత్తబడి విద్యాసంస్థలకు అనుమతి నిచ్చుటకు ఒప్పుకొన్నది. 2004 ఫిబ్రవరిలో మద్రాసునందు అన్నా విశ్వవిద్యాలయమువారి కేంద్రము ప్రారంభమయ్యెను. 2006 నవంబరులో స్వచ్ఛంద సంస్థలకును తలుపు తెఱచిరి. 2008 అక్టోబరు 15వ తేదీన, గ్రామీణ స్త్రీల దినమున, మాచనూరు సంఘం రేడియో 90.4 మెగాహెర్ట్జులపై పలికెను. ప్రారంభించుటకు వచ్చినవాడు, తీర్పు వ్రాసిన జస్టిస్ సావంతే. తీర్పునకును ఆ ప్రారంభమునకును నడుమ పదమూడేండ్లు గడచినవి. ఒక పసిబిడ్డ పుట్టి, బడిలో చేరి, ఏడవ తరగతి ముగించునంత కాలము!

ఇప్పుడు 2006 నాటి సూత్రములలోని సంగతి. వానిలో మంచి నిబంధనలు లేకపోలేదు. కార్యక్రమములలో సగమైనను స్థానిక ప్రజల పాత్రతో తయారు కావలె నన్నారు. కేంద్రపు యాజమాన్యమున ఆ సమాజమే ప్రతిబింబింపవలె నన్నారు. వ్యక్తులకును, రాజకీయ పక్షములకును, వాని యనుబంధ సంఘములకును లైసెన్సు లేదన్నారు. ప్రసారమైన ప్రతి కార్యక్రమపు రికార్డును మూడు నెలలు భద్రపఱుపవలె నన్నారు. ఇవన్నియు సమంజసములే. కాని వానితోపాటు ఒక నిషేధమున్నది: వార్తలు, వర్తమాన వ్యవహారములు, రాజకీయ స్వభావము గల విషయములు ప్రసారము చేయరాదు. తరువాతి కాలమున ఆకాశవాణి వార్తలను ఉన్నవి ఉన్నట్లు తిరిగి వినిపించుటకు అనుమతించిరి. అనగా ఢిల్లీలో వ్రాసిన వార్తను మాచనూరు వినిపింపవచ్చును. మాచనూరు వార్తను మాత్రము మాచనూరు చెప్పరాదు.

వర్తమాన వ్యవహార మనగా నేమి? రాజకీయ స్వభావ మనగా నేమి? మా వృత్తిలో ఇరువదేండ్లు చట్టములు చదివినవారమైనను గీత ఎక్కడ గీయవలెనో మేము చెప్పలేము. బావి త్రవ్వుట వ్యవసాయమా, రాజకీయమా? బడికి పంతులు రాకుండుట విద్యావిషయమా, వర్తమాన వ్యవహారమా? బాల్యవివాహము సంఘ సంస్కారము. ఆ వివాహమునకు సర్పంచి వచ్చి అక్షింతలు వేసినచో అది యేమగును? ఇట్టి యస్పష్టతయే ఆ నిబంధనకు బలము. స్పష్టమైన నిషేధ మున్నచోట మనుష్యుడు గీతవఱకైనను నడచును. గీత కనబడనిచోట భయపడి ఇల్లు కదలడు. లైసెన్సు ఇచ్చువారును, కార్యక్రమము తప్పనువారును ఒక్క మంత్రిత్వశాఖవారే యైనప్పుడు, ఏండ్ల తరబడి తిరిగి తెచ్చుకొన్న యనుమతిని ఒక గ్రామసభ కొఱకు ఒడ్డుటకు ఏ సంస్థ సాహసించును? అధికారి యొకడును రానక్కఱలేదు. పెద్దలే పిల్లల నోరు మూయుదురు. మా యొద్దకు వచ్చిన విద్యార్థులకు జరిగినది సరిగా నిదియే.

ఈ నిషేధము ఎంత విపరీతమో ఆలోచింపుడు. 1989 మొదలు 18 ఏండ్ల వానికి వోటు హక్కు గలదు. 21 ఏండ్లు నిండినవాడు పంచాయతికి పోటీ చేయవచ్చును. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగమున స్థానము కల్పించెను. 2005 నాటి సమాచార హక్కు చట్టము ఏ పౌరునికైనను లెక్కలడుగు హక్కు నిచ్చెను. ఆ యువకుడే పత్రిక పెట్టి వార్తలు వ్రాయవచ్చును. చేతిలోని ఫోనునుండి ప్రపంచమంతయు వినునట్లు మాటలాడవచ్చును. టెలివిజనులో రేయింబవళ్ళు వార్తల పేర కేకలు వినవచ్చుచునే యున్నవి. పది కిలోమీటర్లు దాటని రేడియోలో మాత్రము, తన పొరుగువారితో, తమ చెఱువునుగూర్చి చెప్పరాదు! అక్షరము రాని తల్లికి, ఫోనులో సొమ్ము వేయించుకొనలేని కూలివానికి, పశువులు కాయు బాలునికి చేరు సాధన మదియొక్కటే. ఎవరికి వార్త మిక్కిలి అవసరమో వారికే అది నిషిద్ధమైనది. 2013లో కామన్ కాజ్ అను సంస్థ ఈ నిషేధమును సుప్రీముకోర్టునందు ప్రశ్నించెను. కోర్టునకు పోవుట యొక మార్గమే. వకీలుగా దానిని మేము కాదనము. కాని తన గొంతు తనకు కావలెనని ప్రజ యడుగకున్నచో, కోర్టులు తెచ్చిపెట్టిన హక్కు కాగితముపైననే యుండిపోవును. 1995 తీర్పు చరిత్రయే యిందులకు సాక్ష్యము.

పొరుగుననున్న నేపాళమును చూడుడు. 1997లో అచ్చట రేడియో సాగరమాథ ప్రారంభమై దక్షిణాసియాలో స్వతంత్ర సమాజ రేడియోకు దారి తీసెను. ఆ దేశమున 2001 మొదలు ‘సాథీ సంగ మనకా కురా’ యను యువజన కార్యక్రమమునకు కొండపల్లెలనుండి పిల్లలు తమ కష్టసుఖములు ఉత్తరములు వ్రాయుచు వచ్చిరి. 2005 ఫిబ్రవరిలో రాజు జ్ఞానేంద్ర అధికారమును చేజిక్కించుకొని ఎఫ్. ఎం. రేడియోలలో వార్తలను నిషేధించెను. అప్పుడు రేడియో పనివారు ఏమి చేసిరి? సంగీతమునకు నిషేధము లేదు గదా యని వార్తలను పాటగట్టి పాడిరి. కూడళ్ళలో నిలిచి జనులకు వార్తలు చదివి వినిపించిరి. మఱుసటి యేడు ఏప్రిలులో ప్రజా ఉద్యమము రాజు నిరంకుశత్వమును తుదముట్టించెను. నేపాళమున వార్త పాడవలసిన దుర్గతి పదునాలుగు నెలల ముచ్చట. పెద్ద ప్రజారాజ్యమని చెప్పుకొను మన దేశమున 2006 నాటినుండి అదియే శాశ్వత నియమమై కూర్చున్నది. మా యెదుట నవ్విన బాలికకు నేపాళపు సంగతి తెలియదు. ఆమెకు తోచిన ఉపాయము మాత్రము అదియే.

ప్రభుత్వపక్షమువారి వాదమును మేము తేలికగా త్రోసిపుచ్చము. పుకారు పుట్టినచో పల్లెలో క్షణములో అగ్గి రాజుకొనును. కులము పేర, మతము పేర తలలు పగులును. వందల కేంద్రములను కనిపెట్టి యుండుట ఎట్లని వారు అడుగుదురు. 1994లో రువాండాలో ఒక రేడియో జాతిహత్యకు ప్రేరేపించినమాట లోకమెఱిగినదే. కాని ఆ రేడియో ఎవరిది? అధికారపు అండ గల పెద్దలది. పేద పల్లెలది కాదు. రేడియో కొద్దిమంది బలవంతుల చేతిలో చిక్కుటయే ప్రమాదమని ఆ చరిత్ర బోధించుచున్నది. ఇక కనిపెట్టుటకు మార్గమందురా, మూడు నెలల రికార్డు దాచవలెనను నియమము ఉండనే యున్నది. ద్వేషమును రెచ్చగొట్టినవానిని శిక్షించుటకు చట్టములును కలవు. దొంగతనము జరుగునేమో యని సంతనే మూయించు న్యాయము ఎక్కడిది? పైగా పుకారును చంపునది మౌనము కాదు, నిజమైన వార్త. రచ్చబండకడ పుట్టిన అబద్ధమును ఆ సాయంకాలమే, ఊరెఱిగిన గొంతుతో, ఇది నిజము కాదని చెప్పగలిగినది స్థానిక రేడియో యొక్కటే.

ఇంతవఱకు చట్టమును తప్పుపట్టితిమి. తప్పంతయు చట్టముది కాదు. అనేక కేంద్రములలో పిల్లలు మైకు పట్టుకొందురేగాని, ఏమి పలుకవలెనో నిర్ణయించు సభలో వారికి పీట లేదు. యువతులకు వంటలు, యువకులకు పాటలు, పెద్దలకు ఉపన్యాసములు: ఇది అలిఖిత శాసనము. ఎక్కువ యెత్తున ప్రకటనలు వచ్చుచున్నవని సంతోషించువారును కలరు. మొదట గంటకు ఐదు నిమిషములుండిన ప్రకటనల కాలమును 2024 నాటికి పండ్రెండు నిమిషములవఱకు పెంచిరి. కేంద్రము బ్రదుకుటకు సొమ్ము కావలసినదే. కాని సర్కారు పథకముల ప్రకటనలపైననే బ్రదుకు కేంద్రము ఆ పథకపు లోపమును చెప్పగలదా? శ్రోతలు పిడికెడు బియ్యమైనను, పది రూపాయలైనను ఇచ్చి తమ రేడియోను తాము నిలుపుకొననిచో, అది పేరునకు మాత్రమే మనది.

యువకులారా, మీకును రెండు మాటలు. విన్నది విన్నట్లు చెప్పుట వార్త కాదు. రెండవవాని మాటయు వినవలెను. లెక్క కాగితము కంటితో చూడవలెను. తప్పు చెప్పినచో మఱునాడు అదే గొంతుతో తప్పని ఒప్పుకొనవలెను. ఊరిలో ఎదురుగా కనబడు మనుష్యులనుగూర్చి మాటలాడుట, ముఖమెఱుగని వారిని ఫోనులో తిట్టుటవంటిది కాదు. తెల్లవారిన తరువాత ఆ మనుష్యుని గుమ్మము ముందునుండియే నడువవలెను. ఆ బాధ్యతయే మిమ్ము పౌరులను చేయును. చట్టము మాఱువఱకు చేతులు ముడుచుకొని కూర్చుండవలదు. కులభేదములనుగూర్చి, కట్నమునుగూర్చి, త్రాగుడునుగూర్చి, బాలికల చదువునుగూర్చి చెప్పుటకు ఏ నిబంధనయు అడ్డురాదు. అక్కడ అడ్డువచ్చునది మన పిఱికితనమే.

మా యొద్దకు వచ్చిన విద్యార్థులకు తుద కేమి సలహా చెప్పితిమో పాఠకు లడుగవచ్చును. గ్రామసభ రికార్డును పక్కనపెట్టుడంటిమి. చెఱువు ఎవరిది, పూడిక ఎట్లు తీయుదురు, దానికి సొమ్ము ఏ దారిని వచ్చును, లెక్కలు చూడగోరినవాడు సమాచార హక్కు చట్టము క్రింద ఎవరికి, ఎట్లు దరఖాస్తు వ్రాయవలెను అను విషయములపై ఒక విద్యా కార్యక్రమము చేయుడంటిమి. చేసిరి. ఎవరి పేరును ఎత్తలేదు. వివాదము మాట తలపెట్టలేదు. ఆ వారములో ఆ యూరినుండి మూడు దరఖాస్తులు పోయినవని తరువాత తెలిసినది. పిల్లలు సంతోషించిరి. మేమును సంతోషించితిమి. కాని నిజము పెరటిదారిన రావలసినదేల? నాలుగు వందలమంది యెదుట బహిరంగముగా పలికిన మాటను, రాలేకపోయిన నాలుగు వేలమందికి వినిపించుటకు ఒక వకీలు సలహా యేల?

కావున మేము కోరునవి మూడు. గ్రామసభ, పంచాయతి, మండలము, బడి, ఆసుపత్రి, చౌకధరల దుకాణము, వీనినిగూర్చిన స్థానిక వార్తలను కమ్యూనిటీ రేడియోకు స్పష్టమైన మాటలతో అనుమతింపవలెను. లైసెన్సు లిచ్చు పనిని, తప్పొప్పులు విచారించు పనిని మంత్రిత్వశాఖ చేతినుండి తీసి, 1995 తీర్పు భావమున కనుగుణముగా ఒక స్వతంత్రమైన సంస్థకు అప్పగింపవలెను. ప్రతి కేంద్రపు నిర్వాహక సభలోను 25 ఏండ్లకు లోబడిన యువతీయువకులకు వోటుతో కూడిన స్థానము ఉండవలెను. మొదటి రెంటిని శాసనసభ్యులను, పార్లమెంటు సభ్యులను అడుగవలసి యున్నది. మూడవది ఎవరి యనుమతియు లేక రేపే చేయవచ్చును. మన ప్రాంతములందు కేంద్రములు నడుపు పెద్దలు ఆ మూడవదానితో ప్రారంభింతురుగాక.